ఆకు బొడ్డున పుట్టిన నీలోఫర్

శంషాబాద్ వైపు, హిమాయత్ సాగర్‌కు దగ్గరలో నివసించే ఒక సోదరి మాకు మూడు ప్రశ్నలు పంపారు. ఆమె మేడమీద ఆరు నీటితొట్లలో కలువలు పెంచుతున్నారు. వాటిలో నీలిరంగు కలువకు ఆకులమీదనే పిల్ల మొక్కలు పుడుతున్నాయి. చూసినవారు తమకూ కావాలంటున్నారు. కొందరు ముందుగానే డబ్బు చేతిలో పెడుతున్నారు. ఆమె అడిగినవి ఇవి: ఇంకా వేళ్లు రాని పిల్లకు డబ్బు తీసుకోవచ్చా? ఇచ్చిన మొక్కల్లో సగం పదిహేను రోజులకే చనిపోతున్నాయి, ఆ బాధ్యత ఎవరిది? మిగిలిపోయిన మొక్కలను సాగర్‌లో వదిలితే పుణ్యమా, తప్పా?

ఈ ప్రశ్నలకు సగం జవాబు ఫిఖ్హ్ గ్రంథాలలో ఉన్నది, సగం ఆ తొట్టిలోనే ఉన్నది. మొక్క ఎందుకు చనిపోతున్నదో తెలియకుండా అమ్మకం గురించి తీర్పు చెప్పడం రోగిని చూడకుండా మందు రాయడం వంటిది. మా మదర్సా ఆవరణలో వుజూ చేసే చోటి పక్కన కొన్నేళ్లుగా కలువ తొట్లు ఉన్నాయి. కాబట్టి తొట్టి సంగతి ముందు చెప్పి, తీర్పు సంగతి తరువాత చెబుతాము.

మొదట పేర్ల గందరగోళం తీరాలి. మన ఇళ్లలో తామరనూ కలువనూ ఒకటే అనుకునేవారు ఎక్కువ. తామరాకు నీటిపైకి లేచి గొడుగులా నిలుస్తుంది, దానికి చీలిక ఉండదు. కలువాకు నీటిమీద పరుచుకొని ఉంటుంది, అంచునుండి కాడ దాకా ఒక చీలిక ఉంటుంది. మన చెరువులలో సహజంగా పెరిగే నల్లకలువ, రాత్రి వికసించే తెల్ల కలువ, ఎర్ర కలువ ఈ జాతివే. బంగ్లాదేశ్ రాజముద్రలో కనిపించేది కూడా కలువపువ్వే. ఉర్దూలో దీనిని నీలోఫర్ అంటాము. సంస్కృతంలోని నీలోత్పలమే పారసీకానికి వెళ్లి నీలోఫర్ అయిందని భాషావేత్తలు చెబుతారు. యునానీ హకీములు గులె నీలోఫర్‌ను చలవ చేసే మందుగా వాడుతూ వచ్చారు, వేసవిలో షర్బతె నీలోఫర్ తాగని పాత ఇళ్లు హైదరాబాదులో తక్కువ.

నగరంలో ఈ పేరు వినని తల్లి లేదు. రెడ్ హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రి 1953లో ప్రసూతి, శిశు వైద్యం కోసం వెలసింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రెండవ కుమారుడు మొఅజ్జమ్ జాహ్ భార్య నీలోఫర్ పేరే దానికి పెట్టారు. ఆమె పరిచారిక ఒకామె కాన్పులో మరణించడమే ఆ ఆసుపత్రికి ప్రేరణ అయిందంటారు. పెద్ద కుమారుడు ఆజమ్ జాహ్ అసలు పేరు హిమాయత్ అలీ ఖాన్. మన సోదరి మేడమీదినుండి కనిపించే సాగర్ పేరు ఆయనది. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తరువాత ఆలోచించిన రెండు జలాశయాలలో ఉస్మాన్ సాగర్ 1920లో మూసీమీద పూర్తయింది. మూసీకి ఉపనది అయిన ఈసీమీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయింది. వరదను ఆపడం, నగరానికి తాగునీరు ఇవ్వడం వాటి పని. మూడవ ప్రశ్నకు ఈ సంగతి అవసరమవుతుంది, గుర్తుంచుకోండి.

ఇక ఆకుమీది పిల్ల. కలువలన్నీ ఇలా కనవు. మన నల్లకలువ దుంపలవల్ల, గింజలవల్ల వృద్ధి చెందుతుంది. ఆకు బొడ్డున, అంటే ఆకు కాడతో కలిసే చోట, పిల్లను పుట్టించే గుణం పశ్చిమ ఆఫ్రికాకు చెందిన ఒక కలువది. దాని సంకరం వల్ల పుట్టిన రకాలకు కూడా ఆ గుణం వచ్చింది. ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు డాబెనీ పేరు మోస్తున్న ‘డాబెన్’, వందేళ్లు దాటిన ‘పనామా పసిఫిక్’ అలాంటివే. నర్సరీలలో ఏ పేరుతో అమ్మినా, బొడ్డు దగ్గర ముందు చిన్న గుబ్బలా ఉబ్బి, తరువాత గోరంత ఆకులు విప్పితే అది ఈ వంశానిదే. డాబెన్ పిల్ల ఒక్కోసారి తల్లి ఆకుమీద ఉండగానే చిన్న పువ్వు కూడా పూస్తుంది. ఇలా పుట్టిన పిల్ల రంగులోనూ గుణంలోనూ అచ్చం తల్లే. గింజనుండి వచ్చినదానికి ఆ హామీ లేదు. సంకర రకాల గింజలు మొలిచినా ఏ రంగు వస్తుందో పూసేదాకా తెలియదు, చాలావాటికి గింజే కట్టదు. ఇంట్లో పెంచేవారికి గింజల దారి మేము సిఫారసు చేయము.

పిల్ల కనిపించగానే కోయడమే చాలామంది చేసే పని. అప్పటికి దానికి ఆకులున్నా వేళ్లు ఉండవు. తల్లి ఆకు పచ్చగా ఉన్నంతకాలం అది పిల్లను పోషిస్తూనే ఉంటుంది. ఆ ఆకు పసుపు తిరగడం మొదలైనప్పుడు, కింద చెయ్యి పెట్టి తడిమితే తెల్లని వేళ్లు అంగుళమైనా తగిలినప్పుడు, అప్పుడే విడదీయాలి. అదికూడా పిల్లను పీకి కాదు. చుట్టూ రెండు మూడు అంగుళాల ఆకు, కింద కొంచెం కాడ వదిలి కత్తిరించాలి. ఆ ఆకుముక్క కుళ్లుతూ కుళ్లుతూ కూడా పిల్లకు ఇంకొన్ని రోజులు ఆహారం అందిస్తుంది. తొందర పడనక్కరలేదు అనుకునేవారికి ఇంకొక మార్గం ఉన్నది: ఆకును కోయకుండానే, దాని కింద మట్టి నింపిన చిన్న కుండీని ఇటుకలమీద లేపి పెట్టి, బొడ్డుమీద చిన్న గులకరాయి ఉంచితే వేళ్లు తామే మట్టిలోకి దిగుతాయి. కాడను తరువాత తెంపవచ్చు. మా అనుభవంలో ఈ రెండవ పద్ధతిలో పోయే పిల్లలు చాలా తక్కువ.

కుండీలో ఏమి వేయాలన్నదానిలో పెద్ద పొరపాట్లు జరుగుతున్నాయి. గులాబీకి వాడే తేలికైన కుండీ మిశ్రమం, కొబ్బరిపొట్టు నీటిలో తేలిపోతాయి. పచ్చి పేడ నీటిలో కుళ్లుతుంది, నీరు నల్లబడుతుంది, లేత మొవ్వు మెత్తబడి పోతుంది. పిల్లకు కావలసినది ఉత్త బంకమన్ను, దానిలో నాలుగో వంతు ఇసుక, అంతే. నాలుగు అంగుళాల కుండీ చాలు. ఎరువు వద్దు. పసిబిడ్డకు బిర్యానీ పెట్టము గదా అని మేము విద్యార్థులతో అంటుంటాము, వారు నవ్వుతారు గానీ ఎరువుల సంచి దగ్గరికి వెళ్లడం మానరు. మూడు నాలుగు వారాలు గడిచి, కొత్త ఆకులు నాలుగైదు తేలి, ఒక్కొక్కటి అరచేతిలో సగం వెడల్పు అయిన తరువాతే ఎనిమిది అంగుళాల కుండీకి మార్చి, ఎరువు గుళిక ఒకటి కుండీ అంచున, వేళ్లకు దూరంగా, లోతుకు గుచ్చాలి. పైపైన వేస్తే అది మొక్కకన్నా ముందు నాచుకు అందుతుంది.

నాటేటప్పుడు మొవ్వు, అంటే కొత్త ఆకులు పుట్టే మధ్యభాగం, మట్టిపైన కనిపిస్తూ ఉండాలి. వేళ్లు మాత్రం మట్టిలో ఉండాలి. మొవ్వు పూడితే వారం రోజుల్లో కుళ్లుతుంది. మాకు చూపించడానికి తెచ్చిన చచ్చిన మొక్కల్లో ఎక్కువ వాటికి కారణం ఇదే. తేలిపోతుందేమోనన్న భయంతో మట్టి కప్పుతారు. భయం ఉంటే మొవ్వు పక్కన ఒక గులకరాయి పెట్టండి.

తరువాత నీటి లోతు. పిల్ల మొక్కపైన రెండు మూడు అంగుళాల నీరు చాలు. కానీ అంత తక్కువ నీరు ఉన్న పళ్లెం మన ఏప్రిల్, మే ఎండలకు మధ్యాహ్నానికి చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది, తెల్లవారుజామున చల్లబడుతుంది. లేత వేరు ఆ ఊగిసలాటను తట్టుకోలేదు. దీనికి ఉపాయం సులభం. పెద్ద తొట్టిలోనే ఇటుకలు పేర్చి, చిన్న కుండీని వాటిమీద పైకి నిలపండి. పెద్ద నీటికి వేడి నెమ్మదిగా ఎక్కుతుంది, నెమ్మదిగా దిగుతుంది. ఆకుల కాడలు పొడుగైన కొద్దీ ఒక్కొక్క ఇటుక తీసివేయండి. నల్ల ప్లాస్టిక్ తొట్లకన్నా సిమెంటు తొట్లు ఈ పనికి మేలు. కొత్త సిమెంటు తొట్టి అయితే కొన్ని రోజులు నీరు నింపి పారబోస్తూ ఉండాలి, లేకపోతే సున్నపు గుణం దిగుతుంది. పువ్వు పూయడానికి పెద్ద మొక్కకు ఐదారు గంటల ఎండ కావాలి. పిల్లకు ఉదయపు ఎండ చాలు, మధ్యాహ్నం పచ్చని వల నీడ ఉంటే నిశ్చింత. చలి తగ్గి ఎండ ముదరకముందు, అంటే ఫిబ్రవరి చివరినుండి మార్చి దాకా, మళ్లీ తొలకరి పడ్డ తరువాత పిల్లలను విడదీయడం మంచిది.

కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. ఒక పగలూ రాత్రీ బకెట్‌లో వదిలి తరువాత పోయాలి. ఇక్కడ చాలామంది అడిగే మాట ఒకటి: వుజూ చేసిన నీరు మొక్కలకు పోయవచ్చా? హనఫీ ఫిఖ్హ్‌లో ఫత్వాకు ఆధారమైన అభిప్రాయం ప్రకారం వాడిన వుజూ నీరు తాహిర్, అంటే శుభ్రమైనదే. దానితో మళ్లీ వుజూ మాత్రం చేయరాదు. మొక్కకు పోయడానికి ఏ అభ్యంతరమూ లేదు. మా మదర్సాలో సబ్బు వాడే చోటిని వేరుచేసి, వుజూ కాలువ నీటిని ఒక తొట్టిలో నిలిపి, మరునాడు కలువలకు వాడుతున్నాము. ఐదు పూటల నీరు వేసవిలో ఆవిరైపోయే లోటును చాలావరకు తీరుస్తుంది. నీటిని వృథా చేయరాదని రోజూ పాఠం చెప్పేవారు ఆ నీరు మురుగుకాలువలోకి పోతుంటే చూస్తూ ఊరుకోవడం మాకు ఎప్పుడూ నచ్చలేదు.

శత్రువుల సంగతి క్లుప్తంగా చెబుతాము. దారాల్లాంటి నాచు పిల్ల మొక్కను చుట్టుకొని ముంచేస్తుంది. దానిని పాత టూత్‌బ్రష్‌కు చుట్టి తీసివేయాలి, మందులు వేయరాదు. పేనుబంక పట్టిన ఆకును నీటిలో ముంచి వేళ్లతో కడిగితే పోతుంది. పెద్ద నత్తలను ఏరివేయాలి. గోల్డ్ ఫిష్ లేత వేళ్లను పెకలిస్తుంది, పిల్ల మొక్కలున్న తొట్టిలో దానిని ఉంచవద్దు. గప్పీ చేపలు మాత్రం తప్పనిసరి. డెంగీ దోమ శుభ్రమైన నిలువ నీటిలోనే గుడ్లు పెడుతుంది, పగలే కుడుతుంది. తొట్టికి నాలుగైదు గప్పీలు లేకుండా కలువ పెంచడం పక్కింటివారి పిల్లలకు జ్వరం పంపడంతో సమానం. పొరుగువారి హక్కు గురించి హదీసులు వినని ముస్లిం లేడు. ఇంట్లో పాకే బిడ్డ, తప్పటడుగుల బిడ్డ ఉంటే తొట్టిమీద గట్టి ఇనుప వల బిగించండి, లేదా బిడ్డ పెద్దయ్యేదాకా కలువల మాట వాయిదా వేయండి. జానెడు నీరు కూడా పసిబిడ్డ ప్రాణం తీస్తుంది.

దుంపల గురించి అడగకపోయినా చెప్పాలి, ఎందుకంటే ఆకుమీద కనని రకాలు ఉన్నవారికి అదే దారి. డిసెంబరు, జనవరి నెలల్లో నగరం బయట, సాగర్ గాలి తగిలే చోట రాత్రులు చల్లబడినప్పుడు కలువ ఆకులు చిన్నవవుతాయి. చిన్న కుండీలో ఇరుకుగా పెరిగిన మొక్క మొవ్వు కింద అక్రోటు కాయంత గట్టి దుంప కడుతుంది. మొక్క పూర్తిగా తగ్గిపోయిన తరువాత దానిని కడిగి, కుళ్లిన వేళ్లు తీసి, తడి ఇసుకలో మూతపెట్టిన సీసాలో ఉంచితే నెలల తరబడి నిలుస్తుంది. ఇసుక తడిగా ఉండాలి, నీరు నిలవరాదు. చలి పోయాక నీటి గిన్నెలో వేసి ఎండ తగిలే కిటికీలో పెడితే సన్నని కాడ లేచి, దాని చివర చిన్న మొక్క కడుతుంది. ఆ మొక్కకు సొంత వేళ్లు వచ్చాక దానిని మాత్రమే తుంచి నాటాలి. దుంపను మళ్లీ నీటిలో వేయండి, అది మళ్లీ కంటుంది. దుంపతో సహా పూడ్చేసేవారికి ఒక్క మొక్క దక్కుతుంది, ఓపిక పట్టినవారికి ఒకే దుంప మూడు నాలుగు ఇస్తుంది.

సూరా వాఖిఅలో అల్లాహ్ మనిషిని ఒక ప్రశ్న అడుగుతాడు: మీరు విత్తేదానిని పండించేది మీరా, మేమా అని. ఆకు బొడ్డున పిల్ల పుట్టడంలో మన చేయి ఏమీ లేదు. వేరు దిగేదాకా ఆగడం, మొవ్వును పూడ్చకపోవడం, ఆకలి లేనిదానికి ఎరువు కుక్కకపోవడం, ఇవే మన వంతు. చనిపోయే మొక్కల్లో ఎక్కువ భాగం నిర్లక్ష్యంవల్ల కాదు, అతి సేవవల్ల పోతున్నాయి.

ఇక సోదరి మొదటి ప్రశ్న. హకీమ్ బిన్ హిజామ్ (రజి) తన దగ్గర లేని సరుకు అడిగేవారి గురించి ప్రస్తావించినప్పుడు, నీ దగ్గర లేనిదానిని అమ్మవద్దని దైవప్రవక్త (స) వారించారు. చెట్టుమీది పండ్లు పక్వానికి వచ్చే గుణం బయటపడకముందే అమ్మడాన్ని కూడా ఆయన నిషేధించారు. పండు నాశనమైతే సోదరుడి సొమ్మును దేనికి బదులుగా తీసుకున్నట్టు అన్నదే అక్కడి ప్రశ్న. ఇంకా పుట్టని పిల్లకు, లేదా పుట్టినా వేరు దిగని పిల్లకు ధర కట్టి డబ్బు తీసుకోవడం ఈ నిషేధాల స్ఫూర్తికి దగ్గరగా ఉన్నది. మొక్కల విషయంలో బైఅె సలమ్ షరతులు నెరవేర్చడం కూడా మేడమీది తొట్టికి కష్టం. కాబట్టి మా సలహా ఇది: పేరు రాసుకోండి, మాట ఇవ్వండి, డబ్బు తీసుకోకండి. మొక్క కుండీలో నిలదొక్కుకొని, కొత్తగా ఒక ఆకైనా తేల్చిన రోజున కొన్నవారికి చూపించి అప్పుడు బేరం చేయండి. ఇంతకుముందు తీసుకున్న సొమ్ము ఉంటే వారిని పిలిచి, తిరిగి ఇస్తానని మీరే ముందు చెప్పండి. మొత్తాలు పెద్దవైతే దగ్గరలోని ముఫ్తీ సాహెబ్‌ను వివరంగా అడగండి.

రెండవ ప్రశ్నకు రెండు ముఖాలు ఉన్నాయి. బజారులో ధాన్యపు రాశిలోకి చేయిపెట్టి లోపలి తడిని బయటపెట్టిన దైవప్రవక్త (స), తడిసినదానిని జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ఆ వర్తకుడిని అడిగారు. వేళ్లు లేని పిల్లను మట్టిలో గుచ్చి వేళ్లున్నట్టు ఇవ్వడం ఆ తడి ధాన్యమే. తెలియని రకానికి ఏదో ఒక ఖరీదైన పేరు పెట్టడం కూడా అంతే. నర్సరీ మేళాలలో ఇది ఎంత సాధారణమో కొన్నవారికి తెలుసు. ఆరోగ్యంగా ఉన్నదానిని చూపించి ఇచ్చి, ఎలా పెంచాలో చెప్పి, ఆ తరువాత కొన్నవారు మొవ్వు పూడ్చి చంపుకుంటే ఆ బాధ్యత మీది కాదు. అయినా వాపసు అడిగినవారి సరుకును తిరిగి తీసుకునేవాడికి హదీసులో శుభవార్త ఉన్నది గదా. పిల్ల మొక్క ఖర్చు మీకు ఎంత? ఇంకొకటి ఇచ్చి, ఈసారి మొవ్వు ఎక్కడుండాలో చేత్తో చూపించి పంపండి.

మూడవదానికి జవాబు సూటిగా వద్దు అని. హిమాయత్ సాగర్ తాగునీటికోసం కట్టినది, మన తొట్లలో మిగిలినది పారేసే చోటు కాదు. గుర్రపుడెక్క కూడా ఒకప్పుడు అందమైన పువ్వుకోసం పరాయి దేశంనుండి తెచ్చిన మొక్కే. ఈనాడు మన చెరువులను కప్పి జాలరుల వలలను, చేపల ఊపిరిని ఎలా ఆపుతున్నదో దారిలో కనిపిస్తూనే ఉన్నది. ఆకునుండి ఆకుకు పిల్లలు కనే కలువ జలాశయంలో ఏమి చేస్తుందో పరీక్షించే హక్కు మనకెవరికీ లేదు. గప్పీలను వదలడం కూడా అంతే. నిలిచిన నీటిలో మూత్రం పోయరాదన్న ప్రవక్త (స) ఆదేశం వెనుక అందరూ వాడుకునే నీటి గౌరవం ఉన్నది. దానిని ఇక్కడికి పొడిగించడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. మిగిలిన మొక్కలను ఎండబెట్టి పూర్తిగా చనిపోయాక పూలకుండీల ఎరువులో కలపండి. తొట్టి కడిగిన నీటిని నేలమీద చెట్ల మొదళ్లకు పోయండి, వాననీటి కాలువలోకి వదలకండి. సాగర్ అంచుల్లో పెరిగే నల్లకలువలను దుంపతో పెకలించి తెచ్చుకునే అలవాటు కూడా కొందరికి ఉన్నది, అదీ మానాలి.

మొక్కను దూరం పంపవలసి వస్తే కుండీతో కాకుండా వేళ్లను కడిగి, తడి వార్తాపత్రికలో చుట్టి, గాలి ఉన్న ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి ఇవ్వండి. సంచిలో నీరు పోయవద్దు, కుదుపులకు ఆకులు చిరుగుతాయి. శంషాబాద్‌నుండి పాతబస్తీ దాకా ఎండలో ద్విచక్ర వాహనంమీద వెళ్లేవారు సంచిని హ్యాండిల్‌కు వేలాడదీయకుండా పెట్టెలో పెట్టుకోవాలి. ఇంటికి చేరగానే నేరుగా చల్లని బోరునీటిలో వేయకుండా, సంచితో సహా అరగంట తొట్టి నీటిమీద తేలనిచ్చి తరువాత నాటాలి.